మేము టైమింగు బెల్టు మార్చిన విధము

ఉపాధ్యాయుడు బడిలో నేర్పునది కొంత, నేర్చుకొనునది కొంత. ఈ రెండవదానిని గూర్చి పత్రికలలో వ్రాయువారు తక్కువ. ఈ సంవత్సరపు సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకులు కోరినప్పుడు, రాచర్లలో మా యింటి ముందరి వేపచెట్టు క్రింద జరిగిన యొక పనిని గూర్చి వ్రాయవలెనని మాకు తోచినది. అందు మాకు కీర్తి తెచ్చునది యేమియు లేదు. అయినను మా విద్యార్థులలో కొందఱకు ఆ సంగతి సగము తెలియును. సగము తెలిసిన సంగతిని సగమే తెలిసియుండనిచ్చుట ఉపాధ్యాయునకు తగదు.

భౌతికశాస్త్రములో ఉష్ణయంత్రముల పాఠమును మేము పదునాలుగేండ్లుగా చెప్పుచున్నాము. 1876లో జర్మనీ దేశపు నికొలాస్ ఆటో నాలుగు ఘాతముల యంత్రమును నడిపి చూపెననియు, పీల్చుట, నొక్కుట, మండుట, విడుచుట అను నాలుగు పనులు ముగియులోపల క్రాంకుదండము రెండుమారులు తిరుగుననియు నల్లబల్లపై బొమ్మ గీసి చెప్పుట మాకు కంఠపాఠము. 2023 నవంబరు మాసములో ఆ పాఠము జరుగుచుండగా, వెనుకబల్లపై కూర్చుండు తొమ్మిదవ తరగతి బాలు డొకడు లేచి, “అయ్యగారూ, తలుపు తెఱువవలసిన వేళయైనదని వాల్వునకు ఎవరు చెప్పుదురు?” అని యడిగెను. తరగతి నవ్వెను. మేమును నవ్వితిమి.

“క్యాముదండము వచ్చి తెఱచును” అంటిమి.

“క్యాముదండమునకు ఎవరు చెప్పుదురు?”

“క్రాంకుదండమే చెప్పును. రెంటికిని నడుమ పళ్లబెల్టు కలదు.”

“ఆ బెల్టు ఎట్లుండును, అయ్యగారూ?”

అంతలో గంట మ్రోగెను. గంట మ్రోగినందుకు మేము సంతోషించితిమి. ఏలయనగా ఆ బెల్టును మేము ఎన్నడును చూచియుండలేదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు చెప్పిన మొదటి సూత్రములలో ఒకటి, వస్తువును చూపి పిమ్మట మాటను చెప్పవలెననునది. పరీక్షలో దానిని గూర్చి నాలుగు పుటలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిమి. పదునాలుగేండ్లు మాటను మాత్రము చెప్పుచు వచ్చితిమి. వస్తువో, అయిదేండ్లుగా మా వేపచెట్టు క్రిందనే నిలిచియుండెను. మా బండి మారుతి 800. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల యంత్రము కలది. గుర్‌గాఁవ్ కర్మాగారమునుండి 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి బండి వెలుపలికి వచ్చినది మొదలు 2014 ఆరంభమున దాని తయారీ నిలిచిపోవువఱకు, మన దేశమున ఎందఱో మధ్యతరగతి కుటుంబములు మొట్టమొదట ఎక్కిన కారు అదియే. మాది పాతబండిగా కొన్నది. కొన్ననాడు “టైమింగు బెల్టు క్రొత్తదే వేసినాము” అని అమ్మినవారు నోటిమాటగా చెప్పగా, మేము ఆ మాటను నోటిమాటగానే నమ్మితిమి.

చిన్నతరగతుల పిల్లలును ఈ పత్రికను చదువుదురు గనుక ఆ బెల్టు చేయు పని యెట్టిదో చెప్పెదము. మన ప్రాంతపు పిల్లలకు కంభము చెఱువు తెలియును. చెఱువునకు తూములు కలవు. ఏ తూము ఎప్పుడు తెఱువవలెనో, ఎప్పుడు మూయవలెనో పల్లెలలో నీరుగంటి చూచుకొనును. అతడు వేళ తప్పి తెఱచినయెడల ఒకని చేను మునుగును, మఱియొకని చేను ఎండును. యంత్రములోని వాల్వులు తూములవంటివి, క్యాముదండము నీరుగంటివంటిది. పిస్టను క్రిందికి దిగునప్పుడు పెట్రోలు కలసిన గాలిని లోనికి విడువవలెను. పైకి వచ్చి నొక్కునప్పుడు రెండు తూములును మూసియుండవలెను. మండిన పిదప పొగను వెలికి విడువవలెను. క్రాంకుదండము రెండుమారులు తిరుగునంతలో క్యాముదండము ఒకేమారు తిరుగవలెను. అందుకే పైచక్రమునకు పళ్లు క్రిందిచక్రపు పళ్లకు సరిగా రెట్టింపు. క్రాంకు నిమిషమునకు 3,000 మారులు తిరుగు వేగమున ఒక్కొక్క వాల్వు సెకనునకు 25 మారులు తెఱచుకొని మూసికొనును. నీరుగంటికి ఇంతపని యెవ్వరును చెప్పియుండరు! ఈ రెండు చక్రములను ఒక్క మాటపై నడుపునది, వ్రేలి వెడల్పుకంటె కొంచెము పెద్దదైన నల్లని రబ్బరు బెల్టు. దాని లోపలివైపున పళ్లుండును. కడుపులో గాజునారతో పేనిన త్రాళ్లుండును. అందువలన అది సాగదు, జాఱదు.

అది తెగినచో యంత్రము తత్‌క్షణమే నిలిచిపోవును. కొన్ని జాతుల యంత్రములలో అంతటితో పోదు. పైకి వచ్చుచున్న పిస్టను తెఱచియున్న వాల్వును గ్రుద్ది వంచివేయును. ముఖ్యముగా డీసెలు యంత్రములలో ఈ నష్టము పెద్దది. చేతిపుస్తకములు సామాన్యముగా 60,000 మొదలు 1,00,000 కిలోమీటర్లలోపల బెల్టును మార్చుమని చెప్పును. బండిని నడిపినను నడుపకున్నను రబ్బరునకు వయస్సు వచ్చును గనుక ఏండ్ల గడువును విధించును. ఈ బెల్టులోని చిక్కు ఏమనగా, ముసలిదైనట్లు అది ముందుగా చెప్పదు. చప్పుడు చేయదు, మూలుగదు. మూతలోపల కనబడకుండ పనిచేసి పనిచేసి యొకనాడు తెగును.

ఆ మాసముననే మా తల్లిగారి కన్నులు బొత్తుగా మసకలు క్రమ్మినవి. వైద్యులు చూచి శుక్లములు ముదిరినవనియు, డిసెంబరు 11వ తేదీ సోమవారము ఉదయము నంద్యాలలో శస్త్రచికిత్స చేసెదమనియు చెప్పిరి. రాచర్లనుండి గిద్దలూరు మీదుగా నంద్యాలకు పోవు త్రోవ నల్లమల నడుమనుండి పోవును. దిగువమెట్ట దాటిన పిదప ఇరుప్రక్కల అడవియే, మలుపులు, ఎగువలు, ఫోనునకు సంకేతము అందనిచోట్లు పెక్కు. చూపులేని తల్లిగారిని తెల్లవాఱకముందే కూర్చుండబెట్టుకొని, వయస్సు తెలియని బెల్టును నమ్మి ఆ అడవిని దాటుటయా? బాలుని ప్రశ్న ఒకవైపు, ఈ భయ మొకవైపు మమ్ము నిదురపోనీయలేదు.

గిద్దలూరులో మోటారుపని చేయు మా పూర్వవిద్యార్థి యొకడు కలడు. అతని కడకు పోయి క్రొత్త బెల్టును, టెన్షనరును తెప్పింపుమని యడిగితిమి. అతడు, “అయ్యగారూ, మీరెందుకు శ్రమపడుట? నేనే వచ్చి అరపూటలో వేసెదను” అనెను. ఆ మాటకు ఒప్పుకొనవలసినది. మేము ఒప్పుకొనలేదు. “పాఠము చెప్పుచున్నాము గదా, చేయలేమా?” అంటిమి. అతడు వాదింపక పానాల పెట్టెను, ఇనుప స్టాండులను, బిగింపు కొలత చూపు టార్కు పానాను ఇచ్చి, వీధివఱకు సాగనంపి, “ఒక్కమాట అయ్యగారూ. బెల్టు వేసిన తరువాత క్రాంకును చేతితో రెండు పూర్తిచుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలిసినవో లేదో చూడుడు. చూడక మూత వేయకుడు” అని చెప్పెను. సరే సరే యని వచ్చితిమి.

డిసెంబరు 9వ తేదీ రెండవ శనివారము. తుపాను బాపట్ల తీరమును దాటి నాలుగు దినములైనది. ప్రశ్న వేసిన బాలుని, వాని తండ్రి అనుమతితో, చూచుటకు రమ్మంటిమి. బండి క్రిందికి పోరాదు, నడచుచున్న యంత్రమునొద్ద చేయి పెట్టరాదు, దీపము పట్టుట, పలక చూచుకొనుట మాత్రమే నీ పని యని ముందుగా చెప్పితిమి.

పలక యనగా మార్కాపురపు పలకయే. దానిపై బలపముతో యంత్రపు ముందుభాగమును గీసి, విప్పిన ప్రతి బోల్టును అది యున్నచోటనే బొమ్మపై ఉంచితిమి. పొడుగు బోల్టు పొట్టిదాని రంధ్రమున పడకుండ ఇంతకంటె మంచి ఉపాయము మాకు తెలియదు. మన ఊరివారి పలక అక్షరములకే కాక బోల్టులకును పనికివచ్చినందుకు బాలుడు మిక్కిలి సంతోషించెను.

యంత్రము రాత్రి యంతయు చల్లాఱియుండెను. నాపరాళ్లు పఱచిన సమమైన చోట బండిని నిలిపి, వెనుకచక్రములకు మొద్దులు అడ్డము పెట్టి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను తీసితిమి. చక్రపు నట్లను నేలపై నుండగనే కొంచెము వదలు చేసి, పిమ్మట జాకీతో ఎత్తి, ఇనుప స్టాండుపై దించితిమి. “ఇటుకలు పేర్చరాదా, అయ్యగారూ?” అని బాలు డడిగెను. రాదు. ఇటుకయు, రాయియు హెచ్చరింపక పగులును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఈ రెండు మాటలను మా పిల్లలలో బండిపని చేయబోవువారు ఎన్నటికిని మఱవకుందురు గాక.

చక్రమును, దాని లోపలి బురదమూతను తీసి, ఫ్యాను బెల్టును వదలుచేసి తప్పించి, క్రాంకు పుల్లీని విప్పితిమి. ఒక బోల్టు మొండికెత్తగా దానికే ముప్పావుగంట పట్టెను. తరువాత టైమింగు మూత చిన్నబోల్టులు ఒక్కొక్కటియే పలకమీదికి వచ్చెను. మూత ఊడెను. బాలుడు దీపము దగ్గఱకు తెచ్చి, “ఇదియా!” అనెను. మేమును మనస్సులో అదే మాట అనుకొంటిమి.

“క్రొత్తదే వేసినాము” అన్న ఆ బెల్టుపై వ్రాత యంతయు అఱిగిపోయియుండెను. వంచి చూడగా పళ్ల మొదళ్లలో వెండ్రుకలవంటి పగుళ్లు. అంచున నారు లేచియుండెను. అయిదేండ్లు దీనిని నమ్మి కుటుంబమును ఎక్కించుకొని తిరిగితిమి గదా యని ఒళ్లు జలదరించెను. అమ్మినవారిని నిందించి ఫలము లేదు. మూత తీసి చూడనిది మేము.

ఇక ముఖ్యమైన పని. పాతబెల్టును తీయకముందే స్పార్కుప్లగ్గులను తీసి, క్రాంకును పానాతో అది తిరుగవలసిన దిక్కుననే మెల్లగా త్రిప్పి, రెండు గుర్తులను కలుపవలెను. క్రిందిచక్రముపైని చుక్క యంత్రపు ఒడలిపైని బాణపుగుర్తునకు ఎదురుగా రావలెను. పైచక్రపు గుర్తు దాని గాడికి ఎదురుగా రావలెను. మేము ఆ గుర్తులను తుడిచి సుద్ద రుద్దగా తెల్లగా కనబడెను. రెండును కలసెను. అప్పుడు టెన్షనరును వదలుచేసి పాతబెల్టును తీసితిమి. అది మొదలు క్రొత్తది పడువఱకు ఏ చక్రమును కదలింపరాదు. నూనె కాఱుచున్న సీలు ఏదైన నున్నదేమో చూచితిమి. నూనె రబ్బరునకు శత్రువు. పాత టెన్షనరును చేతితో త్రిప్పగా గరగర మనెను. దానిని తీసి క్రొత్తది పెట్టితిమి. క్రొత్తబెల్టును మడువక, నూనెచేతితో ముట్టక, దానిపైని బాణము యంత్రము తిరుగు దిక్కునకు ఉండునట్లు చక్రములపై తొడిగితిమి. స్ప్రింగు టెన్షనరును లాగెను. మేము బోల్టును బిగించితిమి.

అప్పటికి సూర్యుడు కొండ వెనుకకు పోయెను. డిసెంబరు మాసపు ప్రొద్దు పొట్టిది, నడుము పట్టుకొనిపోయెను, రెండు చుట్లు త్రిప్పవలెనన్న మాట మనస్సులో మెదలెను. సరిగనే వేసితిమి గదా, మరల త్రిప్పుట యెందుకనుకొంటిమి. అప్పుడు బాలుడు దీపమును పైచక్రమునొద్ద పట్టి, “అయ్యగారూ, ఈ గుర్తు ఒక పన్నంత ప్రక్కకు ఉన్నట్లున్నది” అనెను.

మేము తల యెత్తి చూచితిమి. చూచితిమనుట కంటె చూచినట్లు చేసితిమనుట సత్యము. “నీవు ప్రక్కనుండి చూచుచున్నావు. ప్రక్కనుండి చూచిన గడియారపు ముల్లు వేఱు అంకెపై ఉన్నట్లు కనబడునా లేదా? దానిని పారలాక్సు అందురు. తరగతిలో చెప్పితిమి గదా” అంటిమి. బాలుడు “అవునండి” అని మిన్నకుండెను. చదివినది అజ్ఞానమును పోగొట్టుటకే కాక, ఒకని నోరు మూయించుటకును ఉపయోగపడునని మాకు ఆనాడు తెలిసెను. కాని ఆ క్షణమున తెలియలేదు. మూతలు వేసి, చక్రము బిగించి, బాలుని ఇంటికి పంపి, తాళము త్రిప్పితిమి.

యంత్రము అందుకొనెను. కాని చలిజ్వరము వచ్చినవానివలె వణకెను. వీధి చివరి చిన్న ఎగువకు కూడ రొప్పుచు పోయెను. వెనుకకు తెచ్చి నిలిపితిమి. మా తల్లిగారు అరుగుమీద కూర్చుండి వినుచుండిరి. ఆమె నలువదియేండ్లు కుట్టుమిషను త్రొక్కిన మనిషి. మమ్ము ఉపాధ్యాయ శిక్షణకు పంపిన రూకలు ఆ మిషను మీదనే, రాత్రులు కిరసనాయిలు దీపపు వెలుతురున కుట్టి కూర్చినవి. ఆమె, “నాయనా, బండి ఎట్లున్నదో నాకు కనబడదు గాని, నా మిషను కుట్టు తప్పినప్పుడు ఇట్లే పలుకును. సూది దిగువేళకు షటిలు రానియెడల దారము పడదు. పైదానికి క్రిందిదానికి వేళ కలియలేదేమో చూడుము” అనిరి.

చదువరులారా, ఇందులో ఒక చిత్రము కలదు. ఇట్టి పళ్లబెల్టు మొట్టమొదట పుట్టినది మోటారుబండి కొఱకు కాదు. 1940వ దశకములో అమెరికాలోని యునైటెడ్ స్టేట్స్ రబ్బరు కంపెనీలో పనిచేసిన రిచర్డు కేస్ అను ఇంజనీరు సింగరు కుట్టుమిషనులలో సూదికిని క్రింది కొక్కెమునకును వేళ తప్పకుండుటకై దీనిని కల్పించెను. తరువాత 1962లో జర్మనీలో అమ్మకమునకు వచ్చిన గ్లాస్ 1004 అను చిన్నకారులో, పెద్దయెత్తున తయారైన కార్లలో మొదటిసారిగా, ఇది మోటారుయంత్రమున చేరెను. అంతకుముందు కార్లలో ఆ పనిని గొలుసులు, పళ్లచక్రములు చేయుచుండెను. ఈ చరిత్ర మా తల్లిగారికి తెలియదు. మాకు తెలియును. అయినను తప్పు ఎక్కడ నున్నదో చెప్పినవారు ఆమెయే. ఆమెకంటె ముందు చెప్పినవాడు ఆ బాలుడు.

ఆ రాత్రి పడుకొని లెక్కవేసితిమి. క్రిందిచక్రమునకు 20 పళ్లున్నవనుకొన్నచో ఒక పన్ను 18 డిగ్రీలు. అనగా పిస్టను ఒకచోట నుండవలసినప్పుడు వాల్వు ఇంకను ఆ 18 డిగ్రీల క్రిందటి పనిలో నున్నది. బెల్టు తొడుగునప్పుడు టెన్షనరు లేని వైపున అది బిగువుగా నుండవలెను. మేము అక్కడ కొంచెము వదలుగా విడిచితిమి. స్ప్రింగు లాగినప్పుడు ఆ వదలును తీసికొని పైచక్రము ఒక పన్ను జరిగినది. కొన్ని యంత్రములలో ఈమాత్రపు తప్పునకే వాల్వులు వంగును. మాకు ఆ కీడు రాకపోవుట మా నేర్పు కాదు, దయ.

మఱునాడు ఆదివారము. ఆరాధన ముగిసిన పిదప, “ఆదివారమున పని చేయుటయా?” అని సందేహించుచుండగా, మా తల్లిగారు, “గోతిలో పడిన గొఱ్ఱెను ఎత్తుటకు వారము చూతురా, నాయనా?” అనిరి. మేము మొదట పానాల పెట్టెను తెఱువలేదు. బాలుని యింటికి నడచిపోయితిమి. వాని తండ్రి లారీమీద పనిచేయు మనిషి, మమ్ము చూచి తత్తరపడి లేచి, “మావాడు ఏమి తప్పు చేసినాడు, అయ్యగారూ?” అనెను. ఉపాధ్యాయుడు గడప త్రొక్కినాడన్న ఫిర్యాదు కొఱకే యని ఆ తండ్రి యనుకొనుట మాకు సిగ్గు కలిగించెను. “తప్పు చేసినది వాడు కాదు, మేము. వాడు సరిగా చూచెను, మేము చూడలేదు. మరల వచ్చి చూచిపెట్టుమని యడుగుటకు వచ్చితిమి” అంటిమి. బాలుడు తలుపువెనుక నుండి వినుచుండెను.

ఈసారి మా చేతులకు త్రోవ తెలిసియుండెను. ఒంటిగంటకు మొదలుపెట్టి మూడున్నరకు మూత తీసి గుర్తులు కలిపితిమి. క్రిందిగుర్తు సరిగా నున్నప్పుడు పైగుర్తు నిశ్చయముగా ఒక పన్ను తప్పియుండెను. ఎటునుండి చూచినను తప్పియే యుండెను. బెల్టును తీసి, వదలు లేకుండ తొడిగి, టెన్షనరును స్ప్రింగునకు విడిచి, బాలునిచేత లెక్కపెట్టించుచు క్రాంకును చేతితో రెండు పూర్తిచుట్లు త్రిప్పితిమి. “ఒకటి. రెండు.” ఆగితిమి. “నీవు చెప్పుము” అంటిమి. వాడు ముందు ఎదుట నిలిచి చూచెను. పిమ్మట ఎడమనుండి, కుడినుండి చూచెను. “కలిసినవి, అయ్యగారూ” అనెను. అప్పుడు టెన్షనరును కొలత ప్రకారము బిగించి, మఱి రెండు చుట్లు త్రిప్పి, మఱియొకమారు చూచి మూత వేసితిమి. తేదీని, కిలోమీటర్ల అంకెను కాగితముపై వ్రాసి బానెటు లోపల అంటించితిమి. తరువాత ఈ బండిని కొనువారు నోటిమాటను నమ్మవలసిన పని లేకుండుటకు.

యంత్రము అందుకొని నెమ్మదిగా పాడెను. అరుగుమీదినుండి మా తల్లిగారు, “ఇప్పుడు కుట్టు పడినది” అనిరి.

సోమవారము నాలుగుగంటలకు బయలుదేఱితిమి. దిగువమెట్ట దాటి అడవిలో ప్రవేశించినప్పుడు మాకు భయము లేకపోలేదు. ప్రతి ఎగువను చెవియొగ్గి ఎక్కితిమి. బండి తొట్రుపడలేదు. తెల్లవాఱుసరికి కొండ దిగితిమి. చికిత్స జరిగెను. మఱునాడు కట్టు విప్పినప్పుడు మా తల్లిగారు మొదట మా ముఖమును కాదు, మా చేతులను చూచిరి. గోళ్లలో నల్లని గ్రీజు ఇంకను పోలేదు. “ఇవి బడిపంతులు చేతులవలె లేవే” అని నవ్విరి. మాకు దుఃఖము వచ్చెను, సంతోషమువలననే.

ఆ వారమే తొమ్మిదవ తరగతికి పాతబెల్టును తీసికొనిపోయితిమి. జరిగినది యంతయు, పారలాక్సు సంగతితో సహా, దాచక చెప్పితిమి. పిల్లలు నవ్విరి. ఆ నవ్వు మాకు చెల్లవలసినదే. ఆ బెల్టు చేతినుండి చేతికి పోయెను; ప్రతివాడును దానిని వంచి పగుళ్లను చూచెను. పదునాలుగేండ్లుగా బొమ్మ గీసి చెప్పినదానికంటె ఆ పదినిమిషములలో ఎక్కువ చెప్పితిమి. కాని మాకు ఎక్కువ ఊఱట కలిగించినది వేఱొకటి. గంట మ్రోగబోవుచుండగా ఆ బాలుడు వెనుకబల్లనుండి మరల లేచి, “అయ్యగారూ, కొన్ని బండ్లలో బెల్టునకు బదులు గొలుసు ఉండునంటిరి. గొలుసు సాగదా?” అని యడిగెను. శనివారపు సాయంకాలమున మేము మూసిన నోరు మరల తెఱచుకొనెను. గొలుసును ఏండ్లు గడచినకొలది అఱిగి సాగును. కాని తెగకముందు చప్పుడు చేసి చెప్పును. ఆ జవాబు ఇచ్చిన పిదపనే గంటను మ్రోగనిచ్చితిమి.

తల్లిదండ్రులారా, ఇది చదివి ప్రతివారును ఇంట బెల్టు మార్చుడని మేము చెప్పుట లేదు. తగిన పనిముట్లు, చేతిపుస్తకము, ఎఱిగిన మనిషి సలహా లేనియెడల ఆ పనిని చేతనైనవారికే విడుచుట వివేకము. చేసినవారు మాత్రము చివరి రెండు చుట్లు త్రిప్పక మూత వేయకుందురు గాక. మఱియు ప్రక్కన దీపము పట్టినవాడు, ఎంత చిన్నవాడైనను, “గుర్తు కలియలేదు” అన్నయెడల, వాడు ఎక్కడనుండి చూచుచున్నాడని అడుగకముందు మనము ఎక్కడనుండి చూచుచున్నామో అడుగుకొనవలెను.

ఆ పాతబెల్టు ఇప్పుడు మా విజ్ఞానశాస్త్రపు గదిలో మేకునకు వ్రేలాడుచున్నది. కావలసినవారు వచ్చి చూడవచ్చును. అయ్యగారు తప్పిన పన్ను ఏదని అడిగినచో, ఆ బాలుడే చూపును.